బొగ్గు ఎవరిది, పట్టాలు ఎవరివి? 19వ శతాబ్దపు చిన్న బొగ్గు కంపెనీలు, వాటి రైళ్ల చరిత్ర

ప్రిపరేషన్ మొదలుపెట్టిన కొత్తలో ‘భారతదేశంలో రైల్వేలు, ఆధునిక పరిశ్రమల ఆవిర్భావం’ అనే అంశంపై ఒక సమాధానం రాశాను. ‘1853లో రైలు వచ్చింది, రైలుకు బొగ్గు కావాలి, కాబట్టి బొగ్గు గనులు పెరిగాయి’ అని మూడు ముక్కల్లో తేల్చేశాను. దిద్దిన మాస్టారు పక్కన ఎర్ర సిరాతో ఒకే ఒక్క ప్రశ్న రాశారు: ‘పట్టాలు ఎవరివి?’

అప్పుడు ఆ ప్రశ్న అర్థం కాలేదు. తర్వాత చదువుతున్నకొద్దీ తెలిసింది, ఈ అధ్యాయం మొత్తానికి తాళంచెవి అదేనని. మీరు కూడా ‘రైలు వచ్చింది, బొగ్గు పెరిగింది’ అనే వాక్యం దగ్గరే ఆగిపోతుంటే ఈ వ్యాసం మీ కోసమే. గ్రూప్-1 మెయిన్స్‌లో ఆధునిక భారత చరిత్రకు, తెలంగాణ చరిత్రకు, సివిల్స్ జీఎస్-1కు, ఎస్సే పేపర్‌కు, కొంతవరకు ఎకానమీకి కూడా ఇది పనికొస్తుంది.

ముందుగా అసలు సంగతి చెప్పేస్తాను. బొగ్గు బరువైన సరుకు, చౌక సరుకు. గని దగ్గర దాని ధర కొద్దిపాటిదే. వాడే చోటికి చేర్చేసరికి రవాణా ఖర్చే ధరలో పెద్ద భాగమవుతుంది. అందుకే గని యజమాని ఎవరన్నదానికంటే, ఆ గని గట్టు నుంచి నగరానికి వెళ్లే దారి ఎవరి చేతిలో ఉందన్నదే లాభనష్టాలను నిర్ణయించింది. ఇది మనసులో ఉంచుకుని ముందుకు వెళ్దాం.

1. రైలుకు ముందు: నది చెప్పినట్టు వినాల్సిన కాలం

భారతదేశంలో వ్యాపార స్థాయిలో బొగ్గు తవ్వకం 1774లో మొదలైంది. వారన్ హేస్టింగ్స్ పాలనలో జాన్ సమ్నర్, సుటోనియస్ గ్రాంట్ హీట్లీ అనే ఇద్దరు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు దామోదర్ నది ప్రాంతంలో, నేటి రాణీగంజ్ పరిసరాల్లో, తవ్వకానికి అనుమతి పొందారు. తీసిన బొగ్గు ఇంగ్లండ్ బొగ్గుకు సాటిరాదని కంపెనీ పెదవి విరిచింది. ఆ ప్రయత్నం నిలబడలేదు.

ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లకు, 1815 ప్రాంతంలో, రూపర్ట్ జోన్స్ అనే వ్యక్తి ప్రభుత్వం దగ్గర 40,000 రూపాయల అప్పు తీసుకుని రాణీగంజ్‌లో గని తెరిచాడు. అతనూ నిలదొక్కుకోలేదు. గని అలెగ్జాండర్ అండ్ కంపెనీ అనే కలకత్తా వ్యాపార సంస్థ చేతికి పోయింది. 1832లో ఆ సంస్థ కూడా కుప్పకూలింది.

ఇన్ని చేతులు ఎందుకు మారింది? బొగ్గు లేక కాదు, దారి లేక. రాణీగంజ్ నుంచి కలకత్తాకు సుమారు 200 కిలోమీటర్లు. ఎడ్లబండ్ల మీద అంత దూరం తెస్తే కిట్టదు. ఉన్న ఒక్క దారి దామోదర్ నది. ఆ నది వానాకాలంలో వరద వచ్చినప్పుడే పడవకు లొంగుతుంది. ఏడాదంతా తవ్విన బొగ్గును ఒడ్డున గుట్టలుగా పోసి, వరద కోసం కాచుకుని, ఆ కొద్ది వారాల్లోనే పడవల కెత్తి ఆమ్తా దాకా దించాలి. అక్కడ నిల్వచేసి, మళ్లీ పడవల్లో కలకత్తాకు పంపాలి. ఈలోపు పెట్టుబడి అంతా ఒడ్డు మీద ఎండుతూ ఉంటుంది. పడవలు దొరకకపోతే ఏడాది పోయినట్టే.

ఇందులోంచి మీరు పట్టుకోవాల్సిన పాయింట్ ఇది: రైలుకు ముందే బొగ్గు రంగంలో పెద్ద చేప చిన్న చేపను మింగే పరిస్థితి ఏర్పడింది. ఎక్కువ పడవలు, ఎక్కువ రేవులు, ఏడాది పాటు డబ్బు చిక్కుకుపోయినా తట్టుకునే శక్తి ఉన్నవాడే మిగిలాడు.

2. ద్వారకానాథ్ ఠాగూర్: పట్టాల విలువ ముందే గ్రహించిన భారతీయుడు

1836లో రాణీగంజ్ గనిని 70,000 రూపాయలకు కొన్నది ద్వారకానాథ్ ఠాగూర్. రవీంద్రనాథ్‌కు తాతగారు. అంతకు రెండేళ్ల ముందే, 1834లో, ఆయన విలియం కార్‌తో కలిసి ‘కార్, ఠాగూర్ అండ్ కంపెనీ’ పెట్టారు. భారతీయుడు, ఆంగ్లేయుడు సమాన భాగస్వాములుగా నడిపిన తొలితరం వ్యాపార సంస్థల్లో ఇది ముఖ్యమైనది.

ఠాగూర్ గనికి పక్కనే నారాయణ్‌కుడిలో గిల్మోర్, హోమ్‌ఫ్రే కంపెనీ గనులు ఉండేవి. రెండు సంస్థలూ చాలాకాలం పోటీపడి, చివరికి 1843లో చేతులు కలిపాయి. అలా పుట్టిందే బెంగాల్ కోల్ కంపెనీ. ప్రిలిమ్స్ కోసం ఈ సంవత్సరం గుర్తుంచుకోండి.

మెయిన్స్‌కు ఇంకా విలువైన విషయం మరొకటి ఉంది. 1844 ప్రాంతంలో కలకత్తా నుంచి బర్ద్వాన్ మీదుగా బొగ్గు ప్రాంతానికి రైలు మార్గం వేస్తే, అందుకు కావాల్సిన పెట్టుబడిలో మూడో వంతు తామే సమకూరుస్తామని కార్, ఠాగూర్ సంస్థ ముందుకొచ్చింది. ‘గ్రేట్ వెస్ట్రన్ ఆఫ్ బెంగాల్’ పేరుతో రైల్వే కంపెనీ ప్రయత్నం కూడా జరిగింది. అదే సమయంలో రోలాండ్ మెక్‌డొనాల్డ్ స్టీఫెన్‌సన్ లండన్‌లో ఈస్ట్ ఇండియన్ రైల్వే కంపెనీని నిలబెట్టాడు. 1846లో ద్వారకానాథ్ లండన్‌లో చనిపోయారు. 1847లో గ్రేట్ వెస్ట్రన్ ఆఫ్ బెంగాల్ ఈస్ట్ ఇండియన్ రైల్వేలో కలిసిపోయింది. 1847–48 వాణిజ్య సంక్షోభంలో కార్, ఠాగూర్ సంస్థే మూతపడింది.

అంటే బొగ్గు గని ఉన్న భారతీయ వ్యాపారి పట్టాల్లో కూడా వాటా కోరుకున్నాడు. ఆ వాటా దక్కి ఉంటే తర్వాత కథ ఎలా ఉండేదో మనం ఊహించలేం, పరీక్షలో ఊహలు రాయనూ కూడదు. కానీ ‘భారతీయులకు పారిశ్రామిక దృష్టి లేదు’ అనే పాత వాదానికి జవాబు చెప్పాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

3. 1855: రాణీగంజ్ దాకా రైలు

1849 ఆగస్టు 17న ఈస్టిండియా కంపెనీ, ఈస్ట్ ఇండియన్ రైల్వే ఒప్పందం కుదుర్చుకున్నాయి. ప్రయోగాత్మక మార్గానికి 10 లక్షల పౌండ్ల పెట్టుబడి. దాని మీద 5 శాతం రాబడికి హామీ. భూమి ఉచితం. రైల్వేకు లాభం రాకపోతే ఆ 5 శాతాన్ని భారతదేశపు ఖజానా నుంచి, అంటే రైతు కట్టిన శిస్తు నుంచి, చెల్లిస్తారు. చరిత్రకారుడు డేనియల్ థార్నర్ దీన్ని ప్రజల రిస్కు మీద నడిచిన ప్రైవేటు వ్యాపారంగా వర్ణించాడు. రమేశ్ చంద్ర దత్ వంటి జాతీయవాదులు నీటిపారుదలను వెనక్కి నెట్టి రైల్వేలకు డబ్బు కుమ్మరించారని విమర్శించింది ఈ పద్ధతినే.

హౌరా నుంచి హుగ్లీకి 1854 ఆగస్టు 15న తొలి రైలు నడిచింది. 1855 ఫిబ్రవరి 3న మార్గం రాణీగంజ్ చేరింది. దూరం 121 మైళ్లు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి: తూర్పు భారతదేశంలో తొలి రైలు మార్గం ఏ రాజధానికో, ఏ పుణ్యక్షేత్రానికో వెళ్లి ఆగలేదు. బొగ్గు గని దగ్గర ఆగింది. ‘రైలు వచ్చింది కాబట్టి బొగ్గు’ అనేది సగం నిజమే. ‘బొగ్గు ఉంది కాబట్టి రైలు ముందుగా అటే వెళ్లింది’ అనేది మిగతా సగం.

దీనికి తోడు 1851లో థామస్ ఓల్డ్‌హామ్ ఆధ్వర్యంలో జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మొదలైంది. బొగ్గు పొరలు ఎక్కడ ఉన్నాయో కనుక్కోవడం ఆ సంస్థ తొలి పనుల్లో ముఖ్యమైనది. సర్వే, రైలు, గని: ఈ మూడూ ఒకే దశాబ్దంలో కలిసి నడిచాయి.

4. చిన్న కంపెనీల వెల్లువ ఎందుకు?

రైలు ఏడాది పొడవునా నడుస్తుంది, వరద కోసం కాచుకోదు. కాబట్టి తక్కువ పెట్టుబడి ఉన్నవాడు కూడా గని తెరవగలిగాడు. 1860 నాటికి రాణీగంజ్ ప్రాంతంలో దాదాపు 50 గనులు నడుస్తున్నాయి. దేశంలో తీసే బొగ్గులో దాదాపు అంతా అక్కడిదే.

ఇన్ని చిన్న గనులు పుట్టడానికి రైలు ఒక్కటే కారణం కాదు. రెండో కారణాన్ని చాలామంది వదిలేస్తారు, మీరు వదలకండి. అది 1793 నాటి శాశ్వత శిస్తు విధానం. బెంగాల్‌లో భూమితో పాటు భూమి అడుగున ఉన్న ఖనిజం మీద కూడా జమీందారుకే హక్కు నిలిచింది. గని తవ్వాలనుకున్నవాడు జమీందారుకు ‘సలామీ’ పేరుతో ముందుగా కొంత సొమ్ము, ఆపైన టన్నుకు ఇంత అని రాయల్టీ కట్టి లీజు తీసుకునేవాడు. జమీందారు తన భూమిని చిన్న చిన్న ముక్కలుగా ఎంతమందికైనా ఇవ్వొచ్చు. పొర ఒక్కటే, దాని మీద గీతలు గీసుకుని తవ్వేవాళ్లు పదిమంది.

చిన్న కంపెనీ తవ్వకం ఎలా ఉండేది? బొగ్గు పొర భూమి పైకి కనిపించే చోట ముందు గుంతలా తవ్వేవారు. అది లోతయ్యాక ఏటవాలు దారి, లేదా పెద్ద లోతు లేని బావి. బొగ్గును పైకి లాగడానికి మనుషులో, ఎడ్లో తిప్పే చక్రం. ఆవిరి ఇంజన్ ఉన్న గని అంటే కాస్త స్తోమత ఉన్నదని అర్థం. గని లోపల, గని నోటి నుంచి రైలు పట్టాల దాకా సన్నని ట్రాం పట్టాల మీద టబ్బులను తోసేవారు. చిన్న కంపెనీకి సొంత ‘రైల్వే’ అంటే చాలా చోట్ల అదే. ఆ సన్నని పట్టా వెళ్లి పెద్ద పట్టాను కలిసే చోటును సైడింగ్ అంటారు. అసలు పెత్తనమంతా ఆ చోట మొదలవుతుంది.

5. సైడింగ్, వ్యాగన్, రేటు, కొనుగోలు: నాలుగు పగ్గాలు

రైల్వే కంపెనీ చిన్న గనిని నాలుగు రకాలుగా తన చేతిలో పెట్టుకునేది. ఈ నాలుగింటినీ విడివిడిగా రాస్తే మీ సమాధానానికి బలం వస్తుంది.

మొదటిది సైడింగ్. ప్రధాన మార్గం నుంచి గనికి పట్టా వేయాలంటే రైల్వే ఒప్పుకోవాలి, ఖర్చు గని భరించాలి. సైడింగ్ లేని గని ఎడ్లబండ్ల మీద స్టేషన్‌కు బొగ్గు చేర్చాలి. పక్కపక్కనే ఉన్న రెండు గనుల్లో ఒకటి బతకడానికి, ఒకటి చావడానికి ఆ ఒక్క తేడా చాలు.

రెండోది వ్యాగన్. బొగ్గు తవ్వి గట్టున పోసినా, వ్యాగన్ రాకపోతే అది రాయితో సమానం. వ్యాగన్లు చాలనప్పుడు ముందు ఎవరికి ఇవ్వాలన్నది రైల్వే ఇష్టం. యూరోపియన్ మేనేజింగ్ ఏజెన్సీల గనులకు పెద్దపీట వేస్తున్నారన్నది భారతీయ గని యజమానుల చిరకాల ఫిర్యాదు. 1892లో ఏర్పడిన ఇండియన్ మైనింగ్ అసోసియేషన్‌లో యూరోపియన్ ప్రయోజనాలదే పైచేయి. అందుకే భారతీయ యజమానులు 1913లో ఇండియన్ మైనింగ్ ఫెడరేషన్ పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నారు.

మూడోది రేటు. రైలు చార్జీలు ఓడరేవుల వైపు సాగే రవాణాకు అనుకూలంగా ఉండేవని జాతీయవాదుల విమర్శ. బొంబాయి మిల్లుల సంగతి చూడండి. దేశంలో బొగ్గు ఉన్నా, చాలాకాలం అవి ఓడల్లో దిగిన ఇంగ్లండ్ బొగ్గునే మండించాయి. బెంగాల్ నుంచి దేశం అడ్డంగా రైల్లో తెచ్చుకోవడం కంటే అదే చౌక పడింది. 1892లో కలకత్తాలో కిడర్‌పూర్ డాక్ తెరిచాక బెంగాల్ బొగ్గు సముద్రం మీదుగా బయటి రేవులకు ఎక్కువగా వెళ్లసాగింది.

నాలుగోది కొనుగోలు. దేశంలో బొగ్గుకు అతిపెద్ద ఖాతాదారు రైల్వేనే. సుమారు మూడో వంతు బొగ్గు రైలింజన్ల పొయ్యిలోకే వెళ్లేది. సరుకు మోసేవాడూ, సరుకు కొనేవాడూ ఒక్కడే అయినప్పుడు ధర ఎవరు చెబుతారో వేరే చెప్పనక్కర్లేదు.

అంతటితో ఆగలేదు. 1871లో మధుపూర్ నుంచి గిరిడీకి శాఖా మార్గం వేసి, అక్కడి కర్హర్‌బాడీ బొగ్గు ప్రాంతంలో ఈస్ట్ ఇండియన్ రైల్వే సొంత గనులు నడిపింది. అప్పటిదాకా మోసేవాడు, కొనేవాడు అయిన రైల్వే ఇప్పుడు తవ్వేవాడు కూడా అయ్యింది. బయటి గనులు ధర పెంచితే, ‘మా గని మాకుంది’ అనగలిగింది. కంచే చేను మేయడమంటే ఇదే.

6. ఐదు నమూనాలు: ఒక్క చూపులో ఉపఖండం

ఇప్పుడు ‘పట్టాలు ఎవరివి?’ అనే ప్రశ్నతో ఉపఖండమంతా చూద్దాం. ఐదు రకాల జవాబులు వస్తాయి.

ఒకటి, గనులు పలువురివి, పట్టాలు హామీ పొందిన రైల్వేవి: రాణీగంజ్. తర్వాత 1894లో రైలు చేరిన ఝరియా కూడా ఈ కోవలోదే. రైలు చేరిన కొద్ది ఏళ్లలోనే ఝరియా రాణీగంజ్‌ను దాటిపోయింది. అక్కడ భారతీయుల చిన్న గనులు ఎన్నో తెరుచుకున్నాయి.

రెండు, గనీ పట్టాలూ రెండూ రైల్వేవే: గిరిడీ. నేటి పాకిస్తాన్‌లో ఉన్న పంజాబ్ ఉప్పు కొండల్లోని దండోత్, బలూచిస్తాన్‌లోని ఖోస్ట్ గనులను నార్త్ వెస్ట్రన్ రైల్వే నడిపింది.

మూడు, గనీ పట్టాలూ రెండూ ప్రభుత్వానివే: మధ్య పరగణాలలోని వరోరా. దాని కోసం వార్ధా నుంచి వార్ధా కోల్ స్టేట్ రైల్వే వేశారు. ఆ గని 1906లో మూతపడింది. రేవా సంస్థానంలోని ఉమరియా గనిని కూడా ప్రభుత్వమే తెరిచి, కట్ని నుంచి రైలు మార్గం వేసింది.

నాలుగు, గని కంపెనీయే పట్టాలు వేసుకుంది: ఎగువ అస్సాం. 1881లో లండన్‌లో ఏర్పడిన అస్సాం రైల్వేస్ అండ్ ట్రేడింగ్ కంపెనీ దిబ్రూగఢ్ వద్ద బ్రహ్మపుత్ర రేవు నుంచి దిబ్రూ–సదియా మీటర్ గేజ్ రైల్వే వేసి, లేడో, మార్గరీటా పరిసరాల్లోని మాకుమ్ బొగ్గు ప్రాంతం తెరిచింది. ఆ రైలు బొగ్గుతో పాటు తేయాకు, కలప మోసింది. 1889లో దిగ్బోయ్‌లో చమురు బావి తవ్వింది కూడా ఈ కంపెనీయే. పట్టాలు చేతిలో ఉన్న చిన్న కంపెనీ ఒక ప్రాంతాన్నంతా ఎలా శాసించగలదో చెప్పడానికి ఇది చక్కని ఉదాహరణ. దీనికి భిన్నంగా నర్మదా లోయలోని మోహ్‌పానీ చూడండి. నెర్బుడా కోల్ అండ్ ఐరన్ కంపెనీ 1862 నుంచి అక్కడ గనులు నడిపింది. బొగ్గు బయటికి వెళ్లే దారి గాడర్వారా నుంచి వచ్చే శాఖా మార్గం. 1904లో ఆ గనులు గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే చేతికే పోయాయి.

ఐదు, సంస్థాన గుత్తాధిపత్యం: హైదరాబాద్. ఇది మన కథ కాబట్టి కాస్త నింపాదిగా చూద్దాం.

7. సింగరేణి: బొగ్గు మనది, షేర్లు లండన్‌లో

1870ల తొలినాళ్లలో జియొలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. భద్రాచలం వెళ్లే యాత్రికులు పొయ్యి పెట్టుకున్న నల్లరాళ్లే అంటుకున్నాయన్న కథ ఇప్పటికీ ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఇల్లందుకు ‘బొగ్గుట్ట’ అనే పేరు కూడా ఉంది.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. దాన్ని తూర్పుకు, ఉత్తరాన బొగ్గున్న చాందా వైపుకు పొడిగించాలన్నది పథకం. ఇందుకోసం లండన్‌లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీని ఏర్పాటు చేశారు. పెట్టుబడిపై 20 ఏళ్ల పాటు 5 శాతం రాబడికి నిజాం ప్రభుత్వమే హామీ. బెంగాల్‌లో చూసిన మందే, సీసా మారిందంతే.

1883లో హైదరాబాద్‌లోని విద్యావంతులు ‘ఈ ఒప్పందంలో ఏముందో మాకు చెప్పండి’ అని అడిగారు. అఘోరనాథ్ చటోపాధ్యాయ (సరోజినీ నాయుడు తండ్రి), ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఈ చర్చకు ముందున్నారు. ఇదే చాందా రైల్వే ఆందోళన. అఘోరనాథ్‌ను నగరం నుంచి బహిష్కరించారు. హైదరాబాద్ రాజ్యంలో ప్రజాభిప్రాయం తొలిసారి గట్టిగా వినిపించిన సందర్భాల్లో ఇదొకటి. అది మతం మీదో, భాష మీదో కాదు, ఒక రైలు ఒప్పందపు షరతుల మీద వినిపించిందని గమనించండి.

1886లో గనుల హక్కు 99 ఏళ్లకు ఒకే వర్గానికి దక్కింది. దాన్ని నడపడానికి లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టారు. కాగితం మీద మూలధనం 10 లక్షల పౌండ్లు, అంటే 10 పౌండ్ల షేర్లు లక్ష. అందులో 85,000 షేర్లు నయాపైసా కట్టకుండానే పూర్తిగా చెల్లించినట్టు చూపి, హక్కులు పొందిన ప్రమోటర్లు తమ పేర రాసుకున్నారు. తర్వాత నిజాం ప్రభుత్వం తన డబ్బుతో ఆ షేర్లలో కొన్నింటిని ముఖవిలువకు మించిన ధరకు కొన్నది. ఈ వ్యవహారంలో నిజాం అధికారి అబ్దుల్ హక్ పాత్ర బయటపడింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ దీనిపై విచారణ జరిపింది.

ఇంత జరిగినా, నేల కింద బొగ్గు నిజం. రైలు 1886లో వరంగల్‌కు, 1889లో విజయవాడకు చేరింది. డోర్నకల్ జంక్షన్ నుంచి ఇల్లందుకు శాఖా మార్గం వేశారు. 1889లో బొగ్గు ఉత్పత్తి మొదలైంది. 1901 నాటికి ఏడాదికి 4 లక్షల టన్నులు దాటింది. దక్షిణాదికి దగ్గర్లో పెద్ద బొగ్గు వనరు ఇదే కావడంతో ఇక్కడి రైల్వేలకు, మిల్లులకు సింగరేణి బొగ్గు ప్రాణాధారమైంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు: ‘సింగరేణి కాలరీస్ 1889లో ఏర్పడింది’ అని రాయడం. 1889 ఉత్పత్తి మొదలైన ఏడాది. సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ అనే పేరు 1920 డిసెంబరు 23 నుంచి. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటా తీసుకోవడంతో అది ప్రభుత్వ సంస్థ అయ్యింది. నేడు తెలంగాణ వాటా 51 శాతం, కేంద్రం వాటా 49 శాతం.

8. పట్టాల కింద నలిగినవాళ్లు

ఇప్పటిదాకా యజమానుల గురించే మాట్లాడుకున్నాం. బొగ్గు దానంతటది పైకి రాదు. రాణీగంజ్, ఝరియా గనుల్లో తవ్వినవాళ్లలో ఎక్కువమంది సంథాల్, బౌరీ కుటుంబాలవాళ్లు. మగవాడు బొగ్గు కోస్తే, ఆడమనిషి గంపలో మోసి టబ్బు నింపేది. పిల్లలు వెంట ఉండేవారు. కూలి రోజుకు కాదు, టబ్బుకు. అందువల్ల టబ్బు ఎంత పెద్దది, ఎంత నిండితే నిండినట్టు అన్నది ప్రతిరోజూ తగువే.

నాట్లప్పుడు, కోతలప్పుడు వీళ్లు గని వదిలి ఊళ్లకు వెళ్లిపోయేవారు. యజమానులు దీన్ని సోమరితనం అన్నారు. నిజానికి అది రైతుకూలీ తన రెండు కాళ్లలో ఒకటి పొలంలోనే ఉంచుకోవడం. దీనికి విరుగుడుగా కంపెనీలు ఏం చేశాయో చూడండి: ఊళ్లకు ఊళ్లే జమీందారీ హక్కులు కొన్నాయి. బెంగాల్ కోల్ కంపెనీ పెద్ద జమీందారు కూడా. ‘మా భూమి దున్నుకోవాలంటే మా గనిలో ఇన్ని రోజులు పనిచేయాలి’ అనేది షరతు. ఆధునిక పరిశ్రమ పాత భూసంబంధాలను తుడిచేయలేదు, వాటి మీదే కూర్చుంది. రైల్వేలు ఆధునిక పరిశ్రమకు దారితీస్తాయన్న కార్ల్ మార్క్స్ 1853 నాటి అంచనాను చర్చించేటప్పుడు ఈ పాయింట్ తప్పక వాడండి.

భద్రత మాటకొస్తే, 1897లో కోలార్ బంగారు గనుల్లో 52 మంది, ఆ వెంటనే బలూచిస్తాన్‌లోని ఖోస్ట్ బొగ్గు గనిలో 47 మంది చనిపోయారు. ఈ రెండు ప్రమాదాలూ 1901 నాటి మొదటి గనుల చట్టానికి తోవ తీశాయి. ఖోస్ట్ ఏ చిన్న యజమానిదో కాదు. ఆ గని రైల్వేది. ‘చిన్న కంపెనీలే నిర్లక్ష్యంగా తవ్వాయి’ అని తేలిగ్గా రాసే ముందు దీన్ని గుర్తుచేసుకోండి. స్త్రీలను భూగర్భ పని నుంచి పూర్తిగా తప్పించింది 1937లో.

అలాగని చిన్న గనుల నష్టం చిన్నది కాదు. ముక్కలు ముక్కలుగా లీజులు, లీజు తీరేలోపు దొరికినంత తీయాలన్న తొందర, పైకప్పును మోసే బొగ్గు స్తంభాలను కూడా కోసేయడం, ఇవన్నీ నేలను గుల్ల చేశాయి. ఝరియాలో 1916లో తొలిసారి నమోదైన గని మంటలు నేటికీ పూర్తిగా ఆరలేదు.

9. నేటితో ముడి

1900 నాటికి దేశపు బొగ్గు ఉత్పత్తి 61 లక్షల టన్నులకు చేరింది. 1950ల భూసంస్కరణలు జమీందార్ల ఖనిజ హక్కును తీసేశాయి. 1971–73 మధ్య బొగ్గు గనులను జాతీయం చేశారు. చిన్న చిన్న గనుల అశాస్త్రీయ తవ్వకం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. 1993లో సొంత అవసరాలకు తవ్వుకునే క్యాప్టివ్ గనులకు తలుపు తెరిచారు. 2014లో సుప్రీంకోర్టు 204 బ్లాకుల కేటాయింపును రద్దు చేసింది. 2020లో వాణిజ్య తవ్వకానికి వేలం మొదలైంది.

అంటే బొగ్గు మళ్లీ పలు ప్రైవేటు చేతుల్లోకి వెళ్తోంది. ఈ మార్పును సమర్థించినా, విమర్శించినా 19వ శతాబ్దం నేర్పిన ప్రశ్నలు అడగకుండా ఉండలేం. సైడింగ్ ఎవరు వేస్తారు? ర్యాకులు ఎవరికి ముందు దక్కుతాయి? ఒప్పందపు షరతులు ప్రజలకు తెలుస్తాయా? 1883లో అఘోరనాథ్ అడిగినదీ, 2014లో కోర్టు పరిశీలించినదీ మూలంలో ఒకటే: ప్రజల ఖనిజాన్ని ఎవరికి, ఏ పద్ధతిలో ఇచ్చారు?

10. సమాధానంలో ఎలా వాడాలి

పరిచయంలో 1774 కాదు, 1855 వాడండి. పట్టా గని దగ్గర ఆగిందన్న ఒక్క మాటతో మీ వాదం మొదలవుతుంది. మధ్యభాగంలో నాలుగు పగ్గాలు, ఐదు నమూనాల్లో కనీసం మూడు, శాశ్వత శిస్తు విధానంతో సంబంధం, కార్మికుల స్థితి. తెలంగాణ పేపర్ అయితే చాందా ఆందోళన, దక్కన్ కంపెనీ వ్యవహారం తప్పనిసరి. ముగింపులో జాతీయీకరణ నుంచి వేలం దాకా రెండు వాక్యాలు చాలు.

ఏకపక్షంగా రాయకండి. రైలు లేకపోతే రాణీగంజ్ బొగ్గు దామోదర్ ఒడ్డునే ఉండేది, ఇల్లందు బొగ్గు నేలలోనే ఉండేది. చిన్న పెట్టుబడిదారుకు అవకాశం ఇచ్చింది రైలే. ఆ అవకాశం మీద పగ్గం బిగించిందీ రైలే. ఈ రెండు మాటలూ ఒకే సమాధానంలో పక్కపక్కన ఉంటేనే అది సమతూకం.

సాధన కోసం ఒక ప్రశ్న: ‘వలస పాలనలో బొగ్గు పరిశ్రమ స్వరూపాన్ని నిర్ణయించింది గని యాజమాన్యం కంటే రవాణాపై నియంత్రణే. బెంగాల్, అస్సాం, హైదరాబాద్ ఉదాహరణలతో విశ్లేషించండి.’ 250 పదాల్లో రాయండి. రాశాక మీ జవాబు పక్కన మీరే ఎర్ర సిరాతో ఒక ప్రశ్న వేసుకోండి: పట్టాలు ఎవరివో చెప్పానా? చెప్పకపోతే మళ్లీ రాయండి. నేను మూడుసార్లు రాశాను.